మెట్ల కాడి హోటల్ నంబరు

మా అన్న శ్రద్ధాంజలి ఫ్లెక్సీని డిజైన్ చేసింది నేనే. సోమశిలలో, చావింట్లోనే ఓ మూల లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని చేశాను. పెదనాన్న కొడుకులు తెచ్చిన ఫోటోలో అన్న కళ్లు సగం మూసి ఉన్నాయి. అది పనికిరాదని నా ఫోన్‌లోంచి ఇంకోటి తీసి, వెనకున్న చేపల తొట్టి చెరిపి, అక్కడ నీలం ఆకాశం పెట్టి, మెడలో దండ వేశాను. ఆ దండ నా దగ్గర ఎప్పుడూ తయారుగా ఉంటుంది, ఎవరి మెడకైనా సరిపోతుంది. "అశ్రునయనాలతో" అని టైపు చేస్తుంటే నా కళ్లు పొడిగా ఉన్నాయి. ఆ మాట చిన్నగా కనిపిస్తోందని అక్షరాలు పెంచాను కూడా. "తోడబుట్టినోడు పోతే గీ పిల్ల కంప్యూటర్ కొట్టుకుంట కూసున్నది సూడు" అని ఒకామె నాకు వినపడేలాగే అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఏడుపు రాలేదు, అంతే. ఇంట్లో మెయిన్ ఆపేస్తే ఫ్యాను, లైటు, ఫ్రిజ్జు అన్నీ ఒక్కసారే ఊరుకుంటాయే, అట్లా ఉంది నాకు.

నాకు నాగర్‌కర్నూల్‌లో చిన్న షాపుంది. ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికలు, వాటితో పాటు ఊళ్లో వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసి సెర్చ్‌లో పైకి తెచ్చే పని. గద్వాలలో ఒక చీరల షాపు, వనపర్తిలో ఒక ఫంక్షన్ హాలు, బిజినేపల్లిలో బోరు మోటార్లు బాగుచేసే ఆయన, ఇట్లాంటివాళ్లు నా గిరాకీలు. ఫోన్‌లో వెతికినవాడికి మొదట కనిపించినవాడే వ్యాపారి, రెండో పేజీలో ఉన్నవాడు ఊరవతల ఉన్నట్టే అని వాళ్లందరికీ చెప్తుంటాను. చెప్పి ఒప్పించేలోపు నాకు మూడు చాయ్‌లు పడతాయి.

అన్నది, వదినది సోమశిలలో చేపల హోటల్. కృష్ణలోకి దిగే మెట్లకు ఆనుకొని ఉంటుంది. బోర్డు మీద మా ఇలవేల్పు పేరు రాయించాడు గానీ ఆ పేరుతో ఎవరూ పిలవరు, అందరికీ అది మెట్ల కాడి హోటల్. అక్కడ వండిపెట్టుకొని ఎదురుచూడటం ఉండదు. హైదరాబాదు నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చేవాళ్లు కొల్లాపూర్ దాటేలోపు ఫోన్ చెయ్యాలి, ఎంతమందో చెప్పాలి. అన్న మెట్లు దిగి పడవల దగ్గరికి పోయి, ఆ లెక్కకు సరిపడా చేపలు తెచ్చేవాడు. వాళ్లు గుడికి పోయి మొక్కుకొని, పడవెక్కి ఓ చక్కర్ కొట్టి వచ్చేసరికి వదిన చేతి పులుసు పొయ్యి దిగేది. ఫోన్ వస్తేనే చేప, చేప వస్తేనే పొయ్యి. ఫోన్ రాని రోజు పొయ్యి వెలగదు.

ఫ్లెక్సీని హోటల్ ముందు, బోర్డు మీదుగా కట్టారు. మా దిక్కున శ్రద్ధాంజలి ఫ్లెక్సీని కట్టేవాళ్లే గానీ విప్పేవాళ్లు ఉండరు. విప్పితే ఆ మనిషిని ఇంకోసారి సాగనంపినట్టని అనుకుంటారు. ఎండకు వెలిసి, గాలికి చిరిగి, దానంతటదే పోవాలి. పెళ్లి ఫ్లెక్సీలకు ఆ మర్యాద లేదు, మర్నాడే ఎవరి గొర్రెల కొట్టం మీదికో ఎక్కుతాయి.

దినాలు అయిపోయాక నేను నాగర్‌కర్నూల్ వచ్చి షాపు తెరిచాను. పొద్దున లేవడం, వండటం, షాపు, చీకటి పడితే ఇల్లు. గిరాకీలు పరామర్శిస్తే తల ఊపేదాన్ని. వాళ్ల మొహాలే బాధగా ఉండేవి, నాకు పక్కవాళ్ల చావు గురించి వింటున్నట్టు ఉండేది. అన్నం తింటే తిన్నట్టు తెలిసేది కాదు, తినకపోతే ఆకలీ తెలిసేది కాదు. కార్తీకం వచ్చింది. ఆ నెలంతా చేపలు తినేవాళ్లు తక్కువ కాబట్టి హోటల్ మూతపడి ఉందన్న సంగతి నాకు పెద్దగా తట్టనే లేదు.

ఒకరోజు ఫంక్షన్ హాలు ఆయన ఏదో పని మీద వచ్చి, "అమ్మా, కార్తీకం ఎల్లినంక పిల్లలను తోల్కొని సోమశిల పోదమనుకున్నం. మీ అన్నోళ్ల హోటల్ మొత్తానికే బందయిందంట గద?" అన్నాడు.

"ఎవరన్నారు?"

"ఎవరో అనుడేంది, ఫోన్లనే ఉన్నది" అని చూపించాడు.

ఉంది. హోటల్ పేరు కింద ఎర్రటి అక్షరాల్లో "శాశ్వతంగా మూసివేయబడింది" అని ఉంది. పైన ఫోటో నేను చేసిన ఫ్లెక్సీ. నీలం ఆకాశం, దండ, అశ్రునయనాలు. అంతకుముందు అక్కడ ఇత్తడి పళ్లెంలో పులుసు ఫోటో ఉండేది. అభిమానం కొద్దీ మావాళ్లు ఆ ఫ్లెక్సీని ఎంతమంది ఎక్కించారంటే, మ్యాపు అదే హోటల్ మొహం అనుకుంది.

కింద రివ్యూలు చదివాను. ఒకాయన అయిదు స్టార్లిచ్చి "ఓం శాంతి అన్నా" అని రాశాడు. ఇంకొకాయన "మంచి మనిషి, పులుసు సూపర్, ఆత్మకు శాంతి కలగాలి" అని మూడింటినీ ఒక్క వరసలో కానిచ్చాడు. ఒకడు మాత్రం ఒకే స్టారిచ్చి "దేవుడు అన్యాయం చేసిండు" అని రాశాడు. దేవుడికివ్వాల్సిన స్టారు హోటల్‌కిచ్చాడు వెధవ.

మూసేశారని పెట్టిందెవరో తెలుసుకుందామని పెదనాన్న పెద్దకొడుక్కి ఫోన్ చేశాను. దాచుకోలేదు పాపం. "నేనే కొట్టిన చెల్లె. గీ జాగ ఇంకా నడుస్తున్నదా అని ఫోన్ల అడిగింది. అన్నే లేడు, ఇగ నడుస్తున్నదని ఎట్ల కొడతం? నేనొక్కన్నే గాదు, మనోళ్లందరు గట్లనే కొట్టిన్రు" అన్నాడు. నడుస్తోందని నొక్కితే పోయినవాణ్ని మరిచిపోయినట్టు వీళ్లకు. మనిషికి మర్యాద చేద్దామని హోటల్ పీక నొక్కారు. కోపం రావాల్సింది. అది కూడా రాలేదు. బస్సెక్కి కొల్లాపూర్, అక్కణ్నుంచి ఆటోలో సోమశిల పోయాను.

వదిన ఇంటి ముందు కూర్చొని చింతపండులో గింజలు తీస్తోంది. ఎవరికి పులుసు చేద్దామని తీస్తోందో ఆమెకే తెలియాలి. సంగతి చెప్తే గింజలు తీస్తూనే విన్నది.

"మా అన్నలు వడ్డేపల్లికి రమ్మంటున్నరు" అంది. "మీ నాయినేమో హోటల్ రూము కూల్‌డ్రింకుల ఆయనకు కిరాయికిస్త అంటుండు. నాతోని అనలే, పక్కింటాయనతోని చెప్పిచ్చిండు. కార్తీకం ఎల్లినంక వచ్చే మొదటి ఐతారం దాక ఆగుమన్న. గా ఐతారం గూడ పొయ్యి ఎలగకపోతే తాళంచెయ్యి నేనే తెచ్చి ఇస్త అన్న."

ఆ ఆదివారం ఏమిటో చేపలు వండేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నెలంతా నోరు కట్టుకున్నవాళ్లు కార్తీకం దాటగానే చేపలు ఎక్కడున్నాయని వెతుక్కుంటూ వస్తారు. ఆ రోజు కూడా ఎవరూ రాకపోతే ఇంకెప్పుడూ రారు.

"నీకు నడపాలని ఉందా?" అని అడిగాను.

"వడ్డేపల్లికి పోతే మా వదినెల పొయ్యి కాడ వండుత. ఈడుంటే నా పొయ్యి కాడ వండుత. వండుడైతే తప్పదు గద పిల్లా." అన్నా వదినల కూతురు వనపర్తిలో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఆ పిల్ల సెలవులకు ఏ ఇంటికి రావాలన్నది కూడా ఇందులోనే ఉంది. వదిన ఆ మాట అనలేదు, నేను అడగలేదు.

నాయిన మెట్ల మీద ఉన్నాడు. అన్న పోయినప్పటి నుంచి పొద్దున్నే చొక్కా వేసుకొని పోయి అక్కడ కూర్చుంటాడట, అన్నం వేళకు వస్తాడట. అమ్మ ఎప్పుడో పోయింది, ఇంట్లో వీళ్లిద్దరే. మాటల్లేవు. నేను పోయి పక్కన కూర్చుంటే "వొచ్చినవా" అన్నాడు, మళ్లీ నీళ్లకేసి తిరిగాడు. చొక్కా జేబులో అన్న ఫోన్ ఉంది. హోటల్‌కు రాసి ఉన్న నంబరు దాంట్లోదే. ఆయన దాన్ని వదలడని వదిన చెప్పింది, ఉంచుకోనీలే అని ఇద్దరం అనుకున్నాం. ఎవరైనా చేస్తే చెప్తాడు గదా అనుకున్నాం.

పని మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే పని ఉండటం నాకు మేలే అయింది. చేతులకు తెలిసిన పని, మనసుతో అవసరం లేదు. అన్న కోసం ఎప్పుడో నేను చేసిన వెబ్‌సైటు తెరిచి చూస్తే సిగ్గేసింది. "పరిశుభ్రమైన వాతావరణంలో రుచికరమైన భోజనం" అని రాసిపెట్టాను. ఆ ముక్క ఏ ఊరి హోటల్‌కైనా సరిపోతుంది, నా దండ లాగా. ఎవడూ ఫోన్ తీసి పరిశుభ్రమైన వాతావరణం అని వెతకడు. ఫోన్ చేసినవాళ్లు ఏమేం అడిగేవాళ్లని వదినను అడిగాను.

"కృష్ణ చేపలేనా, చెరువు చేపలా అంటరు. ఎంతసేపు పడతది అంటరు. పడవ మీరే మాట్లాడి పెడతరా అంటరు. ఆడోళ్లకు బాత్రూము ఉన్నదా అంటరు. ఎక్కువ అడిగేది గదే" అంది.

ఆ ప్రశ్నలనే శీర్షికలుగా పెట్టి, వదిన ఎట్లా చెప్తే అట్లా కింద జవాబులు రాశాను. మెట్ల కాడి హోటల్ అన్న పేరును కూడా బోర్డు పేరు పక్కన పెట్టాను. పులుసు ఫోటోలు వెతికి ఎక్కించాను. వాటిలో చాలావాటికి ఓ అంచున అన్న చెయ్యి ఉంది, పళ్లెం పట్టుకొని. కత్తిరించాను కొన్నింట్లో. కొన్నింట్లో కత్తిరిస్తే పళ్లెం కూడా పోతుంది, వదిలేశాను.

ఇక మ్యాపు. హోటల్ నడుస్తోందని మనం చెప్తే నమ్మదు, వీడియో అడుగుతుంది. రోడ్డు మీంచి మొదలుపెట్టి, బోర్డు చూపించి, మన చేత్తో మనమే తాళం తీసి లోపలికి పోవాలి. మధ్యలో ఆపకూడదు. ఆ షట్టరును అన్న పోయినాక ఎవరూ ఎత్తలేదు. నేను ఫోన్ పట్టుకొని రోడ్డు మీంచి నడిచాను, వదిన ముందు నడిచింది. తాళం తీస్తుంటే ఆమె చేతిలోంచి తాళంచెవి కింద పడింది. తీసి మళ్లీ పెట్టింది. షట్టరు ఎత్తగానే మూసిన గాలి, ఎండిన చేప వాసన వచ్చాయి. గోడకు మేకు మీద అన్న తువ్వాలు ఉంది. వదిన దాని ముందు ఆగిపోయింది. నేను ఆగలేదు. ఆగితే వీడియో మళ్లీ మొదటి నుంచి తీయాలి. ఆమెను దాటుకుంటూ పోయి పొయ్యి, గిన్నెలు, అన్నీ వరసగా చూపించాను. ఆ వీడియో తర్వాత చూసుకుంటే నా చెయ్యి ఎక్కడా కదల్లేదు. పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు కూడా అంత స్థిరమైన చెయ్యి ఉండదు.

అది చెల్లదని జవాబొచ్చింది. బోర్డు మీద పేరు కనిపించలేదట. కనిపించదు మరి, దాని మీద మా అన్న ఉన్నాడు.

ఫ్లెక్సీ విప్పాలి అన్నాను. వదిన లోపలికి పోయి స్టూలు తెచ్చింది. నేనెక్కుతానంటే ఒప్పుకోలేదు. "కట్టేటప్పుడు నన్నెవరు అడగలే. ఇప్పేది నేనే ఇప్పుత" అంది. తీగ ముళ్లు బిగిసిపోయి ఉన్నాయి, గోళ్లతో ఒక్కొక్కటీ విప్పింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఒక ముసలామె "గదేంది తల్లీ, ఏడాదన్న కాలే" అంది. వదిన ఇంకో ముడి పట్టుకుంది. నాయిన మెట్ల మీంచి ఇటే చూస్తున్నాడు. లేచి వస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. అక్కడే కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వదిన ఫ్లెక్సీని మడత పెట్టలేదు. మడిస్తే మొహం మీద గీత పడుతుందని, లోపలికి తీసుకుపోయి బియ్యం బస్తాల మీద పరిచింది, మొహం పైకి పెట్టి. తర్వాత కొంగుతో బోర్డు తుడిచింది. మళ్లీ రోడ్డు మీంచి మొదలుపెట్టి వీడియో తీశాను. ఈసారి చెల్లింది. ఎర్ర అక్షరాలు పోయాయి. రివ్యూల్లో ఓంశాంతులు అట్లాగే ఉన్నాయి, వాటిని తీయమని నేను అడగలేదు. కార్తీకం చివరి రోజులొచ్చేసరికి "సోమశిల చేపల పులుసు" అని కొడితే మా హోటలే మొదట వస్తోంది.

ఎంతమంది చూశారు, ఎంతమంది ఫోన్ గుర్తు మీద నొక్కారు అన్న లెక్క నాకు కనిపిస్తుంది. రోజురోజుకూ నొక్కేవాళ్లు పెరిగారు. ఆదివారం దగ్గరపడుతోంది, వాళ్లంతా ముందుగా అడిగి పెట్టుకునేవాళ్లే. చాలా రోజుల తర్వాత నాకు కొంచెం ఉత్సాహం లాంటిది వచ్చి వదినకు ఫోన్ చేశాను. ఆర్డర్లు రాసుకుంటున్నావా అని.

"ఏం ఆర్డర్లు పిల్లా? ఒక్కటి రాలే. చేపలాయన రెండుసార్లు అడిగిండు, ఏం చెప్పాల్నో తెల్వక ఊకున్న" అంది.

లెక్క అబద్ధం చెప్పదు, వదినా చెప్పదు. మధ్యలో ఎక్కడో పోతున్నాయి. షాపులో గిరాకీల కోసం వాడే ఇంకో సిమ్ము ఉంది, దాంతో హోటల్ నంబరుకు చేశాను. రెండోసారి మోగేలోపే నాయిన ఎత్తాడు.

"హలో, మెట్ల కాడి హోటలేనా?" అన్నాను.

కొంచెంసేపు చప్పుడు లేదు. తర్వాత, "హోటలే బిడ్డా. గని వాడు లేడు. నా కొడుకు. పోయిండు" అన్నాడు.

నేను ఎవరో చెప్పబోయాను. ఆయన ఆగలేదు.

"కృష్ణ నిండుగ ఉండె బిడ్డా. తెల్లారంగనే పడవల కాడికి పోయి బొచ్చె చేపలు తెచ్చిండు. బుట్ట దించి మెట్ల మీద కూసున్నడు. ఎన్నడు గట్ల కూసోడు. నాయినా, జర నీళ్లియ్యి అన్నడు. నేను చాయ్ తాగుతుంటి. లేసి తాగరాదా, గిరాకి వచ్చే యాల్లాయె, ఇంకా కూసుంటవు అన్న. గట్లనే పక్కకు ఒరిగిండు. కొల్లాపూర్ దవాఖానకు తీస్కపోయేటాల్లకే అయిపోయింది. నీళ్లడిగిండు బిడ్డా. చెంబు నా పక్కకే ఉండె. నేను ఇయ్యలే."

గాలి చప్పుడు, దూరంగా పడవ ఇంజను.

"ఉన్నవా బిడ్డా? ఫోన్ పెట్టినవా?" అన్నాడు నాయిన.

పెట్టేశాను.

ఇంట్లో ఒక్క మాట మాట్లాడని మనిషి, పులుసు కావాలని ఫోన్ చేసిన ప్రతివాడికీ ఇది చెప్తున్నాడు. వాళ్లు కారు పక్కన ఆపుకొని, అయ్యో అని, ఏం చెయ్యాలో తెలియక పెట్టేసి, ఇంకో హోటల్‌కు చేసుకుంటున్నారు. నేను రాత్రింబగళ్లు కూర్చొని జనాన్ని వెతికి వెతికి తెస్తున్నది దీనికి. ఆయన మీద కోపమొచ్చింది. అన్న పోయాక నాకొచ్చిన మొదటి కోపం అదే, మంట లాగా కాదు, చల్లబడిన చాయ్ గొంతు దిగినట్టు వచ్చింది. చేయాల్సిన పని చిన్నదే. పేజీ తెరిచి ఆ నంబరు చెరిపేసి, వదిన నంబరు కొట్టాను. భద్రపరచు అన్న బొత్తాం నొక్కితే అయిపోతుంది. నొక్కితే ఇంక నాయినకు ఫోన్ చేసేవాళ్లు ఎవరూ ఉండరు. నొక్కకపోతే వదిన వడ్డేపల్లి బస్సెక్కుతుంది. లాప్‌టాప్ అట్లాగే మూసి, శనివారం పొద్దున సోమశిల పోయాను.

వదినకు మొత్తం చెప్పాను. ఇత్తడి పళ్లేలు తోమి ఆరబెట్టి ఉన్నాయి, ఎవరూ రాకున్నా తోమింది. మొదట ఆమె మొహం ఎర్రబడింది. "అంటే ఇన్ని దినాలు నా కడుపు మీద కొట్టుకుంట కూసున్నడా ముసలాయన? నేనేమో ఫోన్ వస్తదేమో అని చెవులు పెట్టుకొని సూస్తుంటి!" అని చేతిలోని పళ్లెం విసిరికొట్టింది. అది దొర్లుకుంటూ పోయి గడప దగ్గర పడింది. పడ్డాక అడిగింది, "నీళ్లడిగిండని చెప్తుండా?"

"చెప్తుండు. ఇయ్యలే అని చెప్తుండు."

వదిన పోయి పళ్లెం తీసుకొచ్చి, అంచు సొట్టపడిందా అని వేలితో తడిమి చూసి, జాగ్రత్తగా మళ్లీ వరసలో పెట్టింది. చాయ్ పెట్టింది. గ్లాసు పట్టుకొని మెట్ల మీదికి పోయింది. నేను వెనకాల పోయి కొంచెం ఎడంగా నిలబడ్డాను.

గ్లాసు నాయిన పక్కన పెట్టి ఆమె కింది మెట్టు మీద కూర్చుంది. మామగారి ముందు ఆమె కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

"మామా, గా దినం నేను పొయ్యి కాడ ఉంటి" అంది. "నీళ్లియ్యి అని ఆయన అడిగింది నాకు గూడ ఇనవడ్డది. నువ్విస్తవులే అనుకొని నేను లేవలే."

నాయిన ఆమె వైపు తిరిగాడు. వదిన నీళ్లనే చూస్తూ కూర్చుంది.

"ఫోన్ నీ తాననే ఉండనీ" అంది. "చెప్పుకునేది చెప్పుకో, నేను వద్దన. చెప్పినంక మాత్రం ఎంతమంది వస్తున్నరని అడుగు. గదొక్కటి నా కోసం అడుగు మామా."

ఆయన మళ్లీ నీళ్లకేసి తిరిగాడు. చాయ్ చల్లారిపోయింది.

మర్నాడు ఆదివారం. తెల్లవారి ఎండ ఎక్కేవరకూ ఏమీ లేదు. వదిన మసాలా నూరి పెట్టుకుంది, చింతపండు నానబెట్టింది, బుట్ట కడిగి బోర్లించింది. నేను నంబరు మార్చలేదు. ఈ రోజు పోతే ఆ తప్పు ఎవరిదో నాకు తెలుసు. అప్పుడు మెట్ల మీద ఫోన్ మోగింది.

"హోటలే బిడ్డా. గని వాడు లేడు" అని మొదలుపెట్టాడు నాయిన. కృష్ణ నిండుగా ఉండటం చెప్పాడు, బొచ్చెలు చెప్పాడు, చెంబు చెప్పాడు. ఒక్క ముక్క వదల్లేదు. వదిన గడపలో నిలబడి కొంగు పిడికిట్లో పట్టుకుంది. పెట్టేసి ఉంటారు, ఎప్పుడో పెట్టేసి ఉంటారు అనుకుంటున్నాను నేను.

"...నేను ఇయ్యలే" అన్నాడు నాయిన. ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "ఉన్నవా బిడ్డా? ఆఁ. వాడు లేడు గని హోటలున్నది. నా కోడలు వండుతది. ఎంతమంది వస్తున్నరు?"

ఇటు తిరిగి చెయ్యెత్తి వేళ్లు చూపించాడు. అయిదు, ఇంకొకటి. వదిన బుట్ట అందుకొని మెట్లు దిగింది. పడవల దగ్గరికి ఆమె పోవడం అదే మొదటిసారి. చేపలాయనతో బేరమాడే గొంతు పైదాకా వినిపించింది, బొచ్చె మెత్తబడిందని ఆయన్ని దులిపేస్తోంది.

ఆ రోజు పెట్టేసినవాళ్లూ ఉన్నారు, వచ్చినవాళ్లూ ఉన్నారు. అన్న ఉన్నప్పటంత కాదు. పొయ్యి మాత్రం చీకటి పడేదాకా ఆరలేదు. కూల్‌డ్రింకుల ఆయన సాయంత్రం వచ్చి, అందరితో పాటు పులుసు తిని, ఏమీ అడగకుండా పోయాడు.

నేను నాగర్‌కర్నూల్ తిరిగొచ్చి నా పనిలో పడ్డాను. లేవడం, వండటం, షాపు, ఇల్లు. హోటల్ నిలబడ్డందుకు సంతోషపడాలని నాకు తెలుసు. అది కూడా అన్నం లాగే, తిన్నట్టు తెలియలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం షాపులో కూర్చొని హోటల్ పేజీ చూస్తుంటే కొత్త రివ్యూ కనిపించింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. నాలుగు స్టార్లే ఇచ్చాడు, బాత్రూం తలుపుకు గడియ సరిగా పడదట. కింద ఇట్లా రాశాడు: "ఫోన్ చేస్తే ఒక పెద్దాయన ఎత్తుతారు. ముందు తన కొడుకు గురించి చెప్తారు. మధ్యలో పెట్టేయకండి. అంతా విన్నాక ఎంతమందని అడుగుతారు. చేపలు తాజాగా ఉన్నాయి."

ప్రతి రివ్యూకూ యజమాని జవాబు రాయాలని నా గిరాకీలందరికీ చెప్తుంటాను. జవాబు గడిలో కర్సరు ఆడుతోంది. ఆ మనిషి ఎవరో గానీ విన్నాడు. నేను పెట్టేశాను.

షాపు సిమ్ము తీసి హోటల్ నంబరుకు చేశాను.

"హలో" అన్నాను.

"హోటలే బిడ్డా. గని వాడు లేడు" అన్నాడు నాయిన. ఈసారి చివరిదాకా విన్నాను. కృష్ణ, బొచ్చెలు, బుట్ట, చాయ్, చెంబు. గిరాకీ ఒకాయన లోపలికొచ్చి బల్ల ముందు నిలబడితే, కూర్చోమని చెయ్యి చూపించాను.

"ఎంతమంది బిడ్డా?" అన్నాడు నాయిన.

"ఒక్కదాన్నే, నాయినా."

ఆయన ఉలిక్కిపడలేదు. "ఎరుకనే" అన్నాడు. "మొన్న చేసింది గూడ నువ్వే గద. హలో అనంగనే గుర్తుపట్టిన. ఎదురుగ నీకు చెప్పే మొహం లేకుండె. ఫోన్ల అయితే చెప్పొచ్చనుకున్న. పెట్టేసినవు."

గిరాకీ చూస్తున్నాడని తెలుసు. కంప్యూటర్ తెర మీద అక్షరాలు అలుక్కుపోయాయి. అన్న పోయినప్పటి నుంచి ఎక్కడుందో తెలియనిదంతా గొంతులోకి ఒక్కసారే వచ్చింది, పెద్దగా, సిగ్గులేకుండా. ఫోన్ చెవికి దూరంగా పట్టుకోబోయాను.

"ఏడ్వు బిడ్డా" అన్నాడు నాయిన. "నేను పెట్టను."